అత్తమ్మ మోచేతి ఎత్తు

ఇల్లు కట్టి చూడు అన్నవాళ్ళు సగమే చెప్పారు. కట్టిన ఇంట్లో ఉండి చూడు అని కూడా అనాల్సింది.

డెబ్బైల చివర్లో హన్మకొండ దాటాక, హసన్‌పర్తి పోయే దారిలో మేము ఇల్లు కట్టుకున్నాం. కట్టుకున్నాం అంటే గోడలు లేపి స్లాబు పోయించుకున్నాం, అంతే. స్లాబు పడేసరికి మా ఓపిక, మా చేతిలో ఉన్నదీ రెండూ ఒకేసారి అయిపోయాయి. మేస్త్రీ తన తాపీ, తట్టా సర్దుకుని ఇంకొకరి ఇంటికి వెళ్ళిపోయాడు. తలుపులకు రంగు లేదు, కిటికీలకు గొళ్ళాలు లేవు, వంటింట్లో ఒక్క గూడు లేదు. అయినా ముహూర్తం దాటిపోతుందని ఆ ఇంట్లోనే పాలు పొంగించి దిగిపోయాం.

మా ఆయనది డోర్నకల్లులో రైల్వే పని. పొద్దున బండికి పోతే పొద్దుగూకాక వచ్చేవాడు. ఆదివారం ఒక్కటే ఇంట్లో ఉండేవాడు. ఆ ఒక్క రోజూ సుత్తి చేతికిస్తే మేకు కన్నా వేలికే దెబ్బలు ఎక్కువ తగిలేవి. బొటనవేలు చప్పరించుకుంటూ, "ఇది నాతోని అయ్యేది కాదు" అని పేపరు పట్టుకుని కూచునేవాడు. ఇక మిగిలింది నేను.

నాకు చిన్నప్పటి నుంచీ ఒకరి కోసం ఎదురుచూడటం చేతకాదు. కిటికీ రెక్క గాలికి కొట్టుకుంటుంటే, దాన్ని బాగుచేసేవాడు వచ్చేదాకా ఓపిక పట్టడం కన్నా చేతులు గీసుకుపోయినా నేనే గొళ్ళెం బిగించుకోవడం నాకు సుఖం. అలా గొళ్ళాలు బిగించాను. ఫ్యూజు పోతే తీగ చుట్టడం నేర్చుకున్నాను, మొదటిసారి షాకు కొట్టి గోడకు అతుక్కుపోయాను కూడా. నల్లా కారుతుంటే విప్పి లోపలి తోలు ముక్క మార్చాను. మా ఆయన నన్ను మేస్త్రమ్మా అని పిలవడం మొదలుపెట్టాడు. వెటకారానికే అన్నాడు గానీ నాకు లోపల్లోపల బాగానే ఉండేది.

ఇంట్లో పెద్దవాళ్ళం ముగ్గురం. నేను, మా ఆయన, ఆయన్ని కన్న మా అత్తమ్మ. పిల్లలు అప్పటికి మరీ చిన్నవాళ్ళు, తినడం, కొట్టుకోవడం తప్ప ఇంకో పని లేదు వాళ్ళకు.

అత్తమ్మ గుప్పెడు మనిషి. గొంతు మాత్రం వీధి చివరిదాకా వినబడేది. కట్టెల పొయ్యి ముందు పీట వేసుకుని కూచుందంటే అది ఆమె దర్బారు. కొడుకు ఎదురుగా కూచుని తినేవాడు. ఆమె లేవకుండానే పెనం మీది రొట్టె తీసి అతని పళ్ళెంలో వేసేది. డోర్నకల్ కబుర్లు, ఊళ్ళో పొలం సంగతులు, నా మీద ఫిర్యాదులు, అన్నీ ఆ పొయ్యి దగ్గరే తెమిలిపోయేవి. కూరా చారూ నాకు వదిలిపెట్టింది గానీ జొన్నరొట్టె మాత్రం ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. "నువ్వు చేస్తే అది రొట్టె గాదు పిల్లా, పగిలిన పెంకముక్క" అనేది. నిజమే. నా రొట్టె అంచులు పగిలి తెలంగాణ పటంలా వచ్చేవి. ఆమెది గుండ్రంగా, పలచగా పొంగేది. ఆమె తట్టిన రొట్టెలే గుడ్డలో చుట్టుకుని మా ఆయన రోజూ డోర్నకల్ తీసుకుపోయేవాడు.

కొత్త ఇంట్లోకి వచ్చిన చలికాలంలో ఆమె మోకాళ్ళు పట్టుకుపోయాయి. పీట మీది నుంచి లేవాలంటే గోడ పట్టుకుని, ఇంకో చెయ్యి నేల మీద ఆనించి, "ఓ దేవుడా" అని లేచేది. దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు మోకాళ్ళు నొక్కి చూసి, ఇక నుంచి కింద కూచోవద్దన్నాడు. బయటికి రాగానే అత్తమ్మ పకపకా నవ్వింది.

"కింద కూసోకుంటె వంటెట్ల జేస్తరే? నిలవడి వండెటోళ్లు హోటలోళ్లు."

"గట్టు కడ్త అత్తమ్మా. నిలబడి చేద్దువు. ఇప్పుడు అందరిండ్లల్ల గట్లనే కట్టుకుంటాన్లు" అన్నాను.

"ఎవలు గడ్తరు?"

"నేనే."

ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది. కసురుకుంటుందనుకున్నాను. కసురుకోలేదు. రిక్షాలో ఇంటికి వస్తూ దారిలో కనిపించిన తెలిసినవాళ్ళందరినీ కేకేసి మరీ చెప్పింది. "మా కోడలు నాకోసం గట్టు గడ్తాంది. నేనిగ పట్నపోళ్ళ లెక్క నిలవడి వండుతాన." ఆ గొంతులో సంబరం నాకు ఇప్పటికీ వినబడుతుంది.

సామాను కోసం వెతుక్కోనక్కర్లేదు. ఇల్లు కట్టగా మిగిలిన ఇటుకలున్నాయి. అరుగు కోసం తెచ్చి వేయకుండా వదిలేసిన షాబాద్ బండ ఒకటి గోడకు ఆనించి ఉంది. పర్మిటు మీద తెచ్చిన సిమెంటులో ఒక సంచి అడుగున కొంత మిగిలింది, వానాకాలం తేమకు అది గడ్డలు కట్టింది. గడ్డలు చిదిమి, ఇంట్లో ఇంకో జల్లెడ లేక పిండి జల్లెడతో జల్లించాను. అత్తమ్మ అది చూసి గుండెలు బాదుకుంది. "ఓసి నీ చేతులు పాడుగాను, రేపు గా జల్లెడతోనే పిండి జల్లించి మాకు సిమెంటు రొట్టెలు పెడ్తవా?" అని రోజంతా దులిపింది.

నేను వ్యవసాయదారుల ఇంట్లో పుట్టినదాన్ని. పుట్టమన్నులో ఊక కలిపి పొయ్యి వేయడం, ధాన్యం పోసే గుమ్ములకు పేడ అలకడం, గోడకు ఎర్రమట్టి పూయడం మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. మట్టి ఆడవాళ్ళ పని, సిమెంటు మగవాళ్ళ పని అని ఎవరు పంచిపెట్టారో గానీ, రెండూ పూయడమే కదా అనుకున్నాను. రెండు చిన్న గోడలు లేపి వాటి మీద బండ పరవాలి, బండ వెనక అంచు గోడలోకి దూరాలి. అందుకు గోడకు గాడి కొట్టాను. చిన్న గోడలకు ఇటుకలు పేర్చి సిమెంటు పెట్టాను, పైన సిమెంటు పూసి గిలాబు చేశాను. ఇక ఆరబెట్టాలి. కొత్త పొయ్యి ఆరడానికి మా అమ్మ ఏం చేసేదో నేనూ అదే చేశాను. రెండు గోడల మధ్య ఇంత గడ్డి వేసి సన్నగా మంట పెట్టాను. ఒక్క చుక్క నీళ్ళు తగలకుండా పిల్లల్ని దూరంగా ఉంచాను. ధర్మసాగర్ చెరువు నీళ్ళు నల్లాలో ఇలా వచ్చి అలా పోయేవి. బిందె నీళ్ళు గోడకు కొట్టడమనే ఆలోచన కూడా నాకు పాపంలాగే తోచేది.

ఆదివారం మా ఆయన వచ్చి గట్టెలా ఉందో చూద్దామని చెయ్యి ఆనించాడు. ఇటుక ఊడి అతని చేతిలోకి వచ్చింది. గిలాబు వేలితో గీకితే పిండిలా రాలింది. "మేస్త్రమ్మా, ఇది గట్టా, గుగ్గిళ్ళా?" అన్నాడు. నేను ఊడిన ఇటుకలు ఏరి ఒక పక్కన పేర్చాను. అత్తమ్మ మాత్రం నా పక్కన నిలబడి, "మల్ల గట్టు పిల్లా. ఫికర్ చెయ్యకు, నా మోకాళ్ళేడికి పోతయి, ఈడనే ఉంటయి" అంది.

తరువాతి వీధిలో ఎవరిదో ఇల్లు లేస్తోంది. మర్నాడు అటు పోయి గోడ పక్కన నిలబడి చూశాను. కొత్త స్లాబు మీద మట్టితో చిన్న చిన్న మడులు కట్టి నీళ్ళు నిలబెట్టారు. గోడలకు తడి గోనెసంచులు వేలాడేశారు. మట్టి ఎండితే గట్టిపడుతుంది, సిమెంటు తడిసి ఉంటే గట్టిపడుతుంది, ఇంత చిన్న సంగతి నాకు తెలియకపోయింది. నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. ఇంటికి వచ్చి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ఈసారి బట్టలు జాడించిన నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు, అన్నీ ఆ రెండు గోడలకే పోశాను.

ఇదంతా నేర్చుకోగలిగిన తప్పు. అసలు తప్పు ఇంకోచోట జరిగింది.

గట్టు ఎంత ఎత్తు ఉండాలి? నిలబడి వంట చేసే మనిషి మోచేతికి కొంచెం కింద ఉండాలి, అంతమాత్రం నాకు తెలుసు. అంటే అత్తమ్మను నిలబెట్టి, పాదం నుంచి మోచేతిదాకా దారం పట్టి కొలవాలి. దారం చేతిలోకి తీసుకున్నాను కూడా. కానీ మా వైపు బతికున్న పెద్దవాళ్ళ ఒంటికి దారం పట్టి ఎత్తు కొలవరు. అలా కొలిచేది మనిషి పోయాక, పాడె కట్టేటప్పుడు. దర్జీవాడు కొలవచ్చు, అది బట్టకు. కాలి నుంచి పైకి కొలవడం మాత్రం తప్పు. ఇలాంటివి నేను నమ్మను. పిల్లి ఎదురొస్తే ఆగే మనిషిని కాదు. అయినా ఆమె పాదాల దగ్గర దారం కొస పెట్టడానికి వంగాలంటే నా నడుము వంగలేదు. ఆమె గోడ పక్కకు వచ్చి నిలబడి, "ఏడిదాక లేపుతవే?" అని అడిగింది. "నువ్వు జర పక్కకు జరుగు అత్తమ్మా, సిమెంటు మాలు తగుల్తది" అని ఆమెను పంపేశాను.

నన్ను నేనే కొలుచుకున్నాను. అందులోంచి నాలుగు వేళ్ళు తగ్గించి, ఆమెకు సరిపోతుందిలే అనుకున్నాను. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ నేను ఆమెను చూసింది ఎక్కువగా కూచుని ఉండగానే. కూచుంటే నిటారుగా, ఇల్లంతా ఆమే ఉన్నట్టు ఉండేది. లేచి నిలబడితే నా భుజానికి కూడా రాదని, వయసుతో ఇంకా కుంగిందని నేను ఏనాడూ పట్టించుకోలేదు.

బండ పరిచి, అంచులు పూసి, చాలినన్ని రోజులు తడిపాక, దాని మీద బత్తీల స్టవ్వు పెట్టి పాలు పొంగించాం. అత్తమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చింది. గట్టు ముందు నిలబడింది. బండ ఆమె రొమ్ముల దగ్గరికి వచ్చింది. గిన్నెలో పాలు ఆమెకు కనబడలేదు. మునివేళ్ళ మీద లేచి చూడబోయేలోపే పాలు పొంగి బండ మీదుగా కారిపోయాయి. "మంచిగ పొంగినయి" అని ఆమె చేతులు జోడించింది. నేను గుడ్డ తెచ్చి కారిన పాలు తుడవడం మొదలుపెట్టాను.

మర్నాడు రొట్టెకు కూచుంది. కూచుంది అని అలవాటు కొద్దీ అంటున్నాను, నిలబడింది. రొట్టె తట్టాలంటే అరచేయి పై నుంచి పడాలి, ఒంటి బరువంతా దాని మీదికి రావాలి. రొమ్ముల ఎత్తున ఉన్న పిండి మీదికి చెయ్యి పై నుంచి ఎలా పడుతుంది? మోచేతులు రెక్కల్లా పైకి లేపి తట్టింది. రొట్టె మందంగా, ఒక పక్కకు జారి వచ్చింది. "జొన్నలు మంచిగ లెవ్వు" అంది. మా ఆయన దాన్నే తిని లేచాడు. జొన్నలు నిన్నటివే అని అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

పీట వేశాను, దాని మీద నిలబడమని. రెండు రోజులు బాగానే నిలబడింది. మూడో రోజు పీట మీద ఉన్నానన్న సంగతి మరిచిపోయి వెనక్కి అడుగు వేసింది. నేను దగ్గరే ఉన్నాను గనక నడుము పట్టుకున్నాను. లేకపోతే ఏమయ్యేదో. పీట తీసేశాను.

ఆ తరువాత వారం రొట్టెలు మళ్ళీ గుండ్రంగా, పలచగా రాసాగాయి. ఆమెకు అలవాటైపోయిందని సంతోషించాను. ఒకనాడు నల్లా దగ్గర బిందె పెట్టి, తాడు కోసం లోపలికి వచ్చాను. అత్తమ్మ కింద, గట్టు పక్కన మూలకు, నేల మీద కూచుని రొట్టె తడుతోంది. తట్టిన రొట్టెను అరచేతుల మీద పెట్టుకుని, గోడకు మోచేయి ఆనించి, పళ్ళు బిగబట్టి లేచింది. లేచి పెనం మీద వేసింది. కాలేలోపు మళ్ళీ గోడ పట్టుకుని కిందికి దిగింది, ఇంకో రొట్టె కోసం. కట్టెల పొయ్యి దగ్గర పొద్దున ఒకసారి కూచుని ఒకసారి లేచేది. నేను ఆమె మోకాళ్ళ కోసమని గట్టు కట్టి, ఒక్కో రొట్టెకు ఒకసారి కూచోబెట్టి లేపుతున్నాను.

నాకు ఏడుపు రావాల్సింది. కోపం వచ్చింది. నా మీద రావాల్సిన కోపం ఆమె మీదికి పోయింది. "ఎందుకింత కష్టం అత్తమ్మా? చాతనైతలేదని చెప్తే నాలుక తెగిపడ్తదా? రేపటి నుంచి రొట్టె నేనే చేస్త. నువ్వు పోయి మంచం మీద కూసో" అని అరిచాను. ఆమె పిండి చేతులతోనే గోడ పట్టుకుని లేచింది. "నువ్వు అంత ముద్దుగ కట్టినవు గదా పిల్లా, ఎట్ల చెప్పాలె" అంది. చేతులు కడుక్కుని, వరండాలో నులకమంచం మీదికి పోయి కూచుంది.

గట్టు అప్పుడే పగలగొట్టి ఉండాల్సింది. ఎందుకు పగలగొట్టలేదంటే, చెప్పుకోవడానికి కారణాలు చాలా ఉన్నాయి. సిమెంటు దొరకదు. కట్టిన పొయ్యి కూల్చకూడదంటారు. కానీ అవేవీ కావు. వీధిలో ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి గట్టు చూసిపోతున్నారు. బండను నిమిరి, "నిజంగ నువ్వే కట్టినవా వదినె?" అని అడుగుతున్నారు. ఒకామె మా ఇంట్లో కూడా కట్టిపెట్టవా అంది. నా బతుకులో అంత పొగడ్త నాకెప్పుడూ దక్కలేదు. అది పగలగొట్టడానికి నాకు చేతులు రాలేదు. వాళ్ళు మెచ్చుకుంటుంటే అత్తమ్మ మంచం మీది నుంచే, "మా కోడలు నాకోసమే కట్టింది" అనేది. వాళ్ళు వెళ్ళాక నేను ఆమె ముఖం చూడకుండా లోపలికి వచ్చేదాన్ని.

అలా ఒక ఏడాది గడిచింది. నా రొట్టెలు కొంచెం మెరుగయ్యాయి గానీ పొంగలేదు. మా ఆయన ఎప్పుడూ వంక పెట్టలేదు. తినేటప్పుడు మాత్రం మాటలు తగ్గిపోయాయి. ఎవరితో మాట్లాడతాడు? ఎదురుగా అత్తమ్మ లేదు, నేనున్నాను గానీ గోడకు ముఖం పెట్టి నిలబడి ఉన్నాను. డోర్నకల్ కబుర్లు నా వీపుకు చెప్పాలి. తిని, చెయ్యి కడుక్కుని, బండికి పోయేవాడు.

అత్తమ్మ గొంతు వీధి చివరిదాకా పోవడం మానేసింది. మొదట నా కూరలకు వంకలు పెట్టేది, అదీ మానేసింది. చిక్కుడుకాయలు ఒలిచిపెట్టేది, బియ్యంలో రాళ్ళు ఏరేది, ఏరిన చాట గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళిపోయేది. వంటింటి లోపలికి రావడమే తగ్గించింది. నేను చూశాను. చూసి, పెద్దతనం గదా, విశ్రాంతి తీసుకుంటోంది అని నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకున్నది నమ్మలేదు కూడా.

ఒక మధ్యాహ్నం పాత చీర చింపి బొంతలు కుడుతున్నాను. అత్తమ్మ వంటింటి గుమ్మం బయట నిలబడి ఉంది. లోపలికి రాకుండా, చేత్తో తలుపు పట్టుకుని నన్ను అడిగింది.

"పిల్లా, నేను జర చాయ్ పెట్టుకోవాల్నా?"

ఆమె నన్ను అడిగింది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో, ఆకలేసి అటుకులు తినాలంటే ఈ మనిషిని అడగడానికి భయపడి గుటకలు మింగినదాన్ని. ఆ అత్తమ్మ తన కొడుకు ఇంట్లో తను ఇంత చాయ్ పెట్టుకోవచ్చా అని నన్ను అడుగుతోంది. గొంతులో ఎత్తిపొడుపు ఉంటే ఎంత బాగుండేది. లేదు. నిజంగానే అడిగింది.

చాయ్ నేనే పెట్టి ఇచ్చాను. ఆమె తాగుతుంటే నేను పెరట్లోకి పోయి, ఇటుకలు కొట్టే సుత్తి తెచ్చాను. తెచ్చి గట్టు మీద పెట్టాను. అప్పుడు దారం తెచ్చాను. ఆమె ముందుకు వచ్చి నిలబడ్డాను.

"అత్తమ్మా, నిన్ను కొలవాలె" అన్నాను.

ఆమె గ్లాసు కింద పెట్టింది. ఏ కొలతో, దేనికో, ఆమెకు చెప్పనక్కర్లేదు. మంచం మీది నుంచి లేచి, గోడకు వీపు ఆనించి, చీర కుచ్చెళ్ళు సర్దుకుని నిలబడింది. బడిలో వరుసలో నిలబడిన పిల్లలా తల పైకెత్తింది. "నిటారు నిలవడాల్నా, ఎప్పటి లెక్కనా?" అని అడిగింది. ఎప్పటిలాగే అన్నాను. కొంచెం కుంగింది. నేను వంగి ఆమె బొటనవేలు పక్కన దారం కొస పెట్టి, మోచేతిదాకా లాగాను. పట్టుకున్న చోట ముడి వేశాను. ఎంత తక్కువ దారం అది. నా నడుముదాకా కూడా రాలేదు.

"గంతేనా?" అంది నవ్వుతూ. "గింత పొట్టిదాన్నేందే నేను?"

ఆ సాయంత్రం నుంచే పగలగొట్టడం మొదలుపెట్టాను. మా ఆయన వచ్చి సుత్తి చప్పుడు విని గాభరాపడ్డాడు. సంగతి చెప్పాక పేపరు పక్కన పెట్టి, తనూ ఒక పక్క పట్టాడు. ఆ బండ మాత్రం పగలకుండా తీయగలిగాం. చిన్న గోడలు తగ్గించి కట్టాను, గాడి కిందికి కొట్టాను, పాత గాడి పూడ్చాను. పూడ్చిన గీత ఎంత సున్నం కొట్టినా గోడ మీద కనబడుతూనే ఉండేది. ఈసారి పని చేస్తుంటే నాకు ఎవరి మెప్పూ గుర్తు రాలేదు. వీధిలో ఆడవాళ్ళు, "మంచిగున్నదాన్ని ఎందుకు పగలగొడ్తానవ్?" అని అడిగితే, "మంచిగ లేకుండె" అన్నాను.

కొత్త గట్టు మీద మొదటి రొట్టె అత్తమ్మ తట్టింది. అరచేయి పై నుంచి పడింది. తడుతున్న కొద్దీ రొట్టె తిరుగుతూ, పెరుగుతూ, పలచనైంది. పెనం మీద వేయగానే పొంగింది. అప్పుడే మా ఆయన ఆ గట్టు పక్కనే స్టూలు వేసుకుని కూచున్నాడు. ఆమె చెయ్యి చాచి రొట్టె అతని పళ్ళెంలో వేసింది. "అయితే ఆ స్టేషన్ మాస్టరు బదిలీ ఏమాయె?" అంది. అతను చెప్పడం మొదలుపెట్టాడు. నేను వెనక నిలబడి వింటూ, చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను.

గట్టు నాకు తక్కువైంది. వంగి వంట చేసి నా నడుము పట్టేసేది. అది నాకు దక్కాల్సిందే అనిపించేది, ఎవరికీ చెప్పలేదు.

అయితే తప్పు దిద్దుకున్నా నాకు నెమ్మది లేదు. ఊరి నుంచి అత్తమ్మ చెల్లెలు వచ్చింది. మాటల్లో కొలత సంగతి తెలిసి, ముక్కు మీద వేలు వేసుకుంది. "బతికున్న మనిషికి దారం పట్టినవా? నీ అవ్వ నీకేం చెప్పలేదా?" అని వెళ్ళిపోయింది. ఇలాంటివి నమ్మను అన్నాను కదా. ఆ రోజు నుంచి నమ్మాను. అత్తమ్మ దగ్గితే ఉలిక్కిపడేదాన్ని. మధ్యాహ్నం కొంచెం ఎక్కువసేపు నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. ఒకసారి ఆమె కళ్ళు తెరిచి, "ఇంక పోలేదే" అంది. ఆ ముడి వేసిన దారాన్ని పొయ్యిలో వేసి కాల్చాను. కాల్చడం మంచిదో కాదో తెలియక ఇంకా భయపడ్డాను.

మరుసటి వానాకాలం ఆమెకు జ్వరం పట్టుకుంది. దవాఖానకు తీసుకుపోయాం, మందులిచ్చారు, తగ్గలేదు. ఒక పూట ఒళ్ళు కాలిపోతుంటే తడి గుడ్డ వేస్తూ నేను ఆపుకోలేకపోయాను. ఆమె కాళ్ళు పట్టుకున్నాను. కొలిచినచోటే, ఆ బొటనవేళ్ళ దగ్గరే పట్టుకుని, "నిన్ను నేనే కొలిచిన అత్తమ్మా, నా చేతులతోనే కొలిచిన" అని ఏడ్చాను. ఇన్నాళ్ళూ దాచుకున్న భయమంతా కక్కేశాను. "ఊకో, ఏంగాదు" అంటుందనుకున్నాను. అలా అనిపించుకోవడానికే చెప్పానేమో కూడా.

ఆమె జ్వరం కళ్ళు తెరిచి నన్ను చూసింది.

"కొలిస్తె మనిషి సస్తదానే, పిచ్చిదానా? కొలిచిన్నాడు నాకు పానం లేసొచ్చింది. నా ఇంట్ల నాకు జాగ చూస్తానవ్ అనుకున్న" అంది. కొంచెం ఊపిరి తీసుకుంది. "దానికి ఏడ్వకు. ఏడిస్తే గా కొలువక ముంగటి ఏడాదికి ఏడువు. చాయ్ పెట్టుకోవాల్నా అని నిన్ను అడిగిన గదా, గా దినానికి ఏడువు."

అని గోడవైపు తిరిగి పడుకుంది. జ్వరం తర్వాత తగ్గింది, ఆమె మళ్ళీ లేచి చాలా ఏళ్ళు ఆ గట్టు మీద రొట్టెలు చేసింది. కానీ ఆ పూట నాకు అదేమీ తెలియదు. ఆమె కాళ్ళ దగ్గర కూచుని, ఆమె చెప్పిన దానికే ఏడ్చాను. ఆమె మేలుకునే ఉంది, వింటూనే ఉంది. నన్ను ఊరుకోమని మాత్రం అనలేదు.